బంజారా వేటకుక్క: లదేణీ బాటలో మనతో నడిచిన తోడు

ఇలాంటి ప్రత్యేక సంచిక వచ్చినప్పుడల్లా మన ఫేటియా, కాంచళి గురించి రాసుకుంటాం. తీజ్ గురించి, గోర్ బోలి గురించి, ఎద్దుల బారులతో మన పెద్దలు తిరిగిన దూరాల గురించి రాసుకుంటాం. ఆ బారుల పక్కనే నడిచిన ఒక జీవిని మాత్రం రాయడం మరిచిపోయాం. అది మన కుక్క.

దేశంలోని వేటకుక్కల గురించి రాసినవాళ్లు బంజారా హౌండ్ అని, వంజారీ అని పేరు పెట్టి వర్ణించిన జాతి ఒకటి ఉంది. 19వ శతాబ్దంలో దక్కన్‌లో వేటాడిన ఆంగ్లేయులు దాన్ని బ్రింజారీ డాగ్ అనేవారు. మన దేశంలో చాలా కుక్కలకు ఊళ్ల పేర్లు, సంస్థానాల పేర్లు వచ్చాయి. రాంపూర్, ముధోల్, రాజపాళయం అలా వచ్చినవే. ఈ కుక్కకు మాత్రం తిరిగే జనం పేరు వచ్చింది. ఆ జనం మనమే.

ఇవాళ మన తాండాలో ఒక సన్నటి పొడుగు కుక్కను చూపించి ఇదేం జాతి అని అడిగితే, ‘ఏం జాతి, ఊరకుక్కే’ అంటాం. అదే కుక్క మీద నగరంలో ఎవరో ఒక పేరు రాసి అమ్మితే వేలు పోసి కొంటాం. అందుకే ఈసారి యువతీయువకులకు ఈ కుక్క చరిత్ర, దాని లక్షణాలు, పెంచే పద్ధతి చెప్పాలనుకున్నాం.

లదేణీ రోజులు

కుక్క కథ తెలియాలంటే ముందు లదేణీ ఎలా నడిచేదో తెలియాలి. బండ్లు నడిచే బాటలు లేని రోజుల్లో ఉప్పు, ధాన్యం, పత్తి ఎద్దుల వీపుల మీదే దేశం దాటేవి. తీరం నుంచి ఉప్పు లోపలి సీమలకు పోయేది, లోపలి నుంచి పత్తి, గింజలు తీరానికి వచ్చేవి. ఆ పని మనది. 1632లో ఆగ్రా నుంచి పట్నా వెళుతూ పీటర్ మండీ అనే ఆంగ్లేయుడు 14,000 ఎద్దులున్న ఒక తాండాను చూశానని రాశాడు. అదే శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వ్యాపారి తవెర్నియే పది, పన్నెండు వేల ఎద్దుల బారుల గురించి రాస్తూ, ఇరుకు దారిలో అవి ఎదురైతే బాటసారులు రెండు మూడు రోజులు ఆగాల్సి వచ్చేదన్నాడు. మొగలులు దక్కన్ మీదికి వచ్చినప్పుడు, తరువాత ఆంగ్లేయులు శ్రీరంగపట్నం మీదికి పోయినప్పుడు సైన్యాలకు గింజలు అందించినది మన నాయక్‌ల తాండాలే.

ఇంత పెద్ద బారు రోజుకు ఆరేడు మైళ్లకు మించి నడవదు. ఎద్దులు మేస్తూ నడవాలి. చీకటి పడేసరికి అడవి అంచునో, చెరువు గట్టునో దిగాలి. గోనెలు దించి గోడలా పేర్చి, ఎద్దులను లోపల కట్టి, నెగడు వేసుకుని పడుకునేవారు. చుట్టూ చిరుతలు, తోడేళ్లు, దొంగలు. గోనెల్లో ఉన్నది చాలాసార్లు అప్పు తెచ్చి కొన్న సరుకు. ఒక ఎద్దు పోయినా ఒక కుటుంబం మునిగినట్టే.

ఆ రాత్రుళ్లు మేలుకుని ఉన్నది కుక్క. పొద్దున బారు కదిలితే ఎద్దుల పక్కన నడిచేది. దారిలో కుందేలు లేస్తే పట్టి తెచ్చేది. అడవిపంది ఎదురైతే మన మగవాళ్లు బల్లేలతో వచ్చేదాకా దాన్ని నిలబెట్టేది. కాపలా, వేట, నడక, మూడూ చేయగలిగిన కుక్కే తాండాలో మిగిలేది. నడవలేనిది వెనకబడి పోయేది, అనవసరంగా మొరిగేది ఎవరికీ నచ్చేది కాదు. ఇలా ఏ పుస్తకమూ లేకుండానే తరతరాలుగా ఎంపిక జరిగింది. బంజారా కుక్క జాతిని తయారు చేసినవాడు ఏ రాజూ కాదు. లదేణీ పనే దాన్ని తయారు చేసింది.

చూడగానే ఎలా గుర్తుపట్టాలి

బంజారా కుక్క చూపుతో వేటాడే జాతి. వాసన పట్టుకుని నేల మీద ముక్కు పెట్టి పోయే కుక్కల తీరు వేరు. ఇది దూరంగా కదిలినదాన్ని కంటితో పట్టి, పరుగుతో అందుకుంటుంది. దాని ఒళ్లంతా ఆ పని కోసమే అమరింది.

తల పొడుగు, సన్నం. కళ్లు కొంచెం పక్కలకు ఉండటంతో తల తిప్పకుండానే చాలా మేర కనిపిస్తుంది. మెడ పొడుగు. ఛాతీ లోతుగా దిగి ఉంటుంది, ఎందుకంటే లోపల పెద్ద గుండె, ఊపిరితిత్తులు పట్టాలి. పొట్ట వీపు వైపు లాక్కుపోయినట్టు ఉంటుంది. కాళ్లు పొడుగు. భుజం దగ్గర కొలిస్తే రెండు అడుగులు దాటుతుంది, పెద్దవి 28 అంగుళాల దాకా వస్తాయి. వెంట్రుక కొంచెం గరుకు. నలుపు మీద బూడిద రంగో, నీలం ఛాయో కలిసిన మచ్చలు దీని గుర్తు అని పాత వర్ణనలు చెబుతాయి. చెవులకు, కాళ్ల వెనక, తోకకు పట్టులాంటి కుచ్చు వెంట్రుక వేలాడుతుంది. పడమటి ఆసియాలోని సలూకీ కుక్కకు కూడా ఇలాంటి కుచ్చే ఉంటుంది. వర్తకపు బాటల్లో వచ్చిన ఆ కుక్కల రక్తం ఇందులో కలిసిందని కుక్కల జాతులు తెలిసినవారు చాలామంది అంటారు.

పరుగు చూస్తే మరీ తెలుస్తుంది. ఈ రకం కుక్క ముమ్మరంగా పరుగెత్తేటప్పుడు ఒక్కో అంగలో రెండుసార్లు నాలుగు కాళ్లూ నేల వదులుతాయి. కాళ్లన్నీ చాచినప్పుడు ఒకసారి, పొట్ట కిందకు ముడిచినప్పుడు ఒకసారి. వెన్ను విల్లులా వంగి సాగుతుంది.

గుణం విషయానికి వస్తే, అందరి దగ్గరికీ తోక ఊపుతూ పోయే రకం కాదు. కొత్తవాళ్లకు దూరంగా ఉంటుంది. తనవాళ్లను మాత్రం వదలదు. కొడితే నేర్చుకోదు, ముడుచుకుపోతుంది లేదా కరవడం నేర్చుకుంటుంది. మెల్లగా, అదే మాట అదే గొంతుతో చెబితే పట్టేస్తుంది. ఒక ఇబ్బంది కూడా చెప్పాలి. కదిలేదాన్ని తరమడం దాని నెత్తుట్లో ఉంది. కోడి, మేకపిల్ల, పిల్లి, పక్కన పోయే సైకిలు, ఏదైనా సరే. చిన్నప్పటి నుంచే మేకల మధ్య, కోళ్ల మధ్య పెరిగితే ఈ బెడద చాలా తగ్గుతుంది. మన పెద్దలు కుక్కపిల్లలను ఎద్దుల మధ్యే పెరగనిచ్చింది ఇందుకే.

తాకట్టు పెట్టిన కుక్క

మన ఉప్పు బాటలు మధ్య భారతం దాకా పోయేవి. ఆ సీమలో మన కుక్కకు గుడి ఉందంటే నమ్ముతారా? ఒకటి కాదు, రెండు చోట్ల చెబుతారు. మధ్యప్రదేశ్‌లో డిండోరీ దగ్గర కుకర్రామఠ్ ఒకటి. ఛత్తీస్‌గఢ్‌లో బాలోద్ జిల్లా ఖప్రీ గ్రామంలోని కుకుర్‌దేవ్ గుడి రెండోది. రెండూ రాజుల కాలంలో కట్టిన రాతి గుళ్లే. కానీ జనం నోట అక్కడ నిలిచినది ఒక బంజారా కథ.

కరువు వచ్చిందట. బంజారా ఒకడు షావుకారి దగ్గర అప్పు చేశాడు. తాకట్టు పెట్టడానికి ఏమీ మిగల్లేదు. తన కుక్కనే అప్పగించి, అప్పు తీర్చి తీసుకుపోతానని మాట ఇచ్చి వెళ్లాడు. కొన్నాళ్లకు షావుకారి ఇంట్లో దొంగలు పడ్డారు. కుక్క వాళ్ల వెంటే పోయి సొమ్ము దాచిన చోటు చూసి వచ్చింది. తెల్లారాక షావుకారిని పంచె పట్టి లాక్కుపోయి చూపించింది. సొమ్మంతా దొరికింది. సంతోషించిన షావుకారి, అప్పు తీరిపోయిందని చీటీ రాసి, కుక్క మెడకు కట్టి వదిలేశాడు. కుక్క యజమాని జాడ పట్టుకుని పరుగెత్తింది. ఎదురుగా వస్తున్న కుక్కను చూసి బంజారా, ‘నా మాట పోగొట్టావు, తాకట్టు విడిపించకముందే పారిపోయి వచ్చావు’ అని కోపంతో ఒక్క దెబ్బ కొట్టాడు. కుక్క చచ్చిపోయాక మెడలో చీటీ కనిపించింది. చదివించుకుని కుప్పకూలాడు. ఆ కుక్కకు గుర్తుగా గుడి వెలిసిందంటారు.

1916లో మధ్య పరగణాల తెగల మీద పుస్తకం అచ్చు వేసిన ఆర్.వి. రస్సెల్ కూడా కుకర్రామఠ్ కథను నమోదు చేశాడు. కథ జరిగిందా లేదా అన్నది పక్కన పెడదాం. దాంట్లో మన చరిత్ర రెండు రకాలుగా ఉంది. ఒకటి, బంజారా మాట అంటే కుక్కను చంపుకునేంత పట్టు. రెండు, అప్పుల బతుకు. ఇంట్లో షావుకారికి పనికివచ్చే వస్తువు ఒక్క కుక్కే మిగిలిన రోజులు మన తాతలు చూశారు. మూడో సంగతి ఈ తరానికి: ఆ బంజారా తన కుక్క విలువ దాన్ని పోగొట్టుకున్నాకే తెలుసుకున్నాడు. మనమూ ఇప్పుడు అక్కడే నిలబడి ఉన్నాం.

లదేణీ ఆగింది

1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. 1889 నాటికి ఆ దారి బెజవాడ దాకా చేరింది. ఎద్దు వీపు మీద వారాల తరబడి పోయే ఉప్పు, పత్తి రైలు పెట్టెల్లో ఎక్కాయి. మరోవైపు ఉప్పు మీద సర్కారు పన్నులు, కట్టడి. 1878 చట్టం తరువాత ఆంగ్ల ప్రాంతాల్లో అడవులు రిజర్వులయ్యాయి, మేతకు అడ్డు వచ్చింది. పని పోయిన తాండాలను అనుమానంగా చూశారు. 1871లో వచ్చిన నేరస్త తెగల చట్టం కింద కొన్ని చోట్ల మనవాళ్లనూ చేర్చారు. ఊరు దాటాలంటే హాజరు వేయించుకోవాల్సిన స్థితి. ఆ చట్టం 1952లో గానీ పోలేదు.

తిరిగే తాండా నిలిచిపోయింది. నల్గొండ, మహబూబ్‌నగర్, వరంగల్, అనంతపురం సీమల్లో గుట్టల పక్కన, బీడు భూముల్లో మనవాళ్లు సేద్యం మొదలుపెట్టారు, కూలికి పోయారు. మనం రోజూ దాటిపోయే హైదరాబాద్ బంజారాహిల్స్‌కు ఆ పేరు కూడా ఒకప్పటి మన విడిది నుంచే వచ్చింది.

ఎద్దుల బారు లేనప్పుడు కాపలా కుక్కకు పనేముంది? వేట మిగిలింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టంతో అదీ పోయింది. పని పోయిన కుక్క ఊరి కుక్కల్లో కలిసింది. ఎవరూ చంపలేదు, ఎవరూ ఎత్తుకుపోలేదు. పట్టించుకోక పోగొట్టుకున్నాం. నిక్కమైన బంజారా కుక్క ఇవాళ చాలా అరుదు.

మన పక్కనే ఇంకో దారి నడిచిన కుక్క ఉంది. కర్ణాటకలోని ముధోల్ సంస్థానాధీశుడు మాలోజీరావు ఘోర్పడే అక్కడి పల్లెల వేటకుక్కలను చేరదీసి పెంచి, బ్రిటన్ రాజు ఐదో జార్జికి కానుకగా ఇచ్చాడు. అవి ముధోల్ హౌండ్లయ్యాయి. వాటికి దగ్గరి చుట్టమైన కుక్కను మహారాష్ట్రలో కారవాన్ హౌండ్ అంటారు. కారవాన్ అంటే బిడారు, మన తాండా లాంటిదే. 2005లో తపాలా శాఖ నాలుగు దేశీ కుక్కల మీద బిళ్లలు వేసింది. వాటిలో ముధోల్ ఉంది. 2016లో సైన్యం ముధోల్ కుక్కలను మీరట్‌కు తీసుకుపోయి శిక్షణ ఇచ్చింది. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యువనరుల సంస్థ మొదట నమోదు చేసిన కుక్కల జాతులు మూడు: రాజపాళయం, చిప్పిపారై, ముధోల్. ఆ మూడింటి వెనకా పట్టుదలగా పెంచినవాళ్లు, లెక్క రాసినవాళ్లు ఉన్నారు. మన కుక్కకు పేరుంది, చరిత్ర ఉంది, లెక్క రాసినవాడే లేడు.

ఇంట్లో ఉంటే ఎలా చూసుకోవాలి

మీ తాండాలో పొడుగు మూతి, లోతు ఛాతీ, కుచ్చు తోక ఉన్న కుక్క ఇంకా ఉంటే దాన్ని ఎలా చూసుకోవాలో కొన్ని మాటలు.

తిండి. మన పెద్దలు జొన్న బాటి, గటక, మజ్జిగ పెట్టేవారు. వేటలో దొరికిన మాంసం దానికి తోడయ్యేది. ఇవాళ ఆ మాంసం లేదు కాబట్టి ఒట్టి రొట్టె చాలదు. గుడ్డు, కోడి మాంసం, చేపలు, ఉడికించిన పప్పు, ఏదో ఒకటి కలపాలి. ఉడికించిన ఎముకలు పెట్టకండి, చీలి పేగులో గుచ్చుకుంటాయి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్ కుక్కలకు విషం. లోతు ఛాతీ కుక్క నిండా తిని వెంటనే పరుగెత్తితే పొట్ట మెలిపడే ప్రమాదం ఉంది. తిన్నాక గంటైనా పడుకోనివ్వండి. ఇది సన్నగా ఉండటమే ఆరోగ్యం. చివరి పక్కటెముకలు ఒకటి రెండు కనిపిస్తే అది ఆకలి గుర్తు కాదు. నడుము ఎముకలు, వెన్నుపూసలు పొడుచుకొస్తే మాత్రం తిండో, నట్టలో చూడాలి.

పరుగు. రోజంతా గొలుసుకు కట్టేస్తే ఈ కుక్క పాడవుతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, సాయంత్రం ఒకసారి కంచె ఉన్న చోట విడిచిపెట్టండి. రోడ్డు దగ్గర తాడు వదలొద్దు. కుందేలు కనపడితే మీ పిలుపు దాని చెవికి ఎక్కదు, లారీ కూడా కనపడదు. ఎండాకాలం మధ్యాహ్నం తారు రోడ్డు మీద నడిపిస్తే పాదాలు బొబ్బలెక్కుతాయి.

పడక. ఒంటి మీద కొవ్వు తక్కువ. గట్టి నేల మీద పడుకుంటే మోచేతులు పుండు పడతాయి. చలికాలంలో వణుకుతుంది. రెండు గోనెసంచులు మడిచి వేస్తే చాలు.

ఒళ్లు. వారానికి రెండుసార్లు చెవులు, వేళ్ల సందులు, మెడ చూసి గోమార్లు ఏరండి. గోమార్ల వల్ల వచ్చే జ్వరం కుక్క రక్తాన్ని తినేస్తుంది. తిండి మానేసి, చిగుళ్లు పాలిపోతే ఆలస్యం చేయకుండా పశువుల దవాఖానకు తీసుకుపోవాలి. అక్కడ ఏదైనా ఆపరేషన్ చేయాల్సి వస్తే, ఇది వేటజాతి కుక్క అని డాక్టరుకు ముందే చెప్పండి. ఈ రకం సన్నటి కుక్కలకు కొన్ని మత్తుమందులు తొందరగా దిగవు.

పిల్లలు. కుక్క సుమారు 63 రోజులు మోస్తుంది. పిల్లలకు రెండు వారాలకు కళ్లు తెరుచుకుంటాయి. అప్పటి నుంచే నట్టల మందు మొదలుపెట్టాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పార్వో, డిస్టెంపర్ టీకాలు, మూడు నెలలకు రేబిస్ టీకా, తరువాత డాక్టరు చెప్పిన లెక్కన ఏటా. పిల్లలను రెండు నెలలు నిండకుండా తల్లి నుంచి వేరు చేయకండి.

పిచ్చికుక్క కాటు గురించి మరీ గట్టిగా చెప్పాలి. కుకర్రామఠ్ మట్టి రాస్తే కాటు విషం దిగుతుందని ఒకప్పుడు జనం నమ్మేవారు. మన తాండాల్లోనూ పసరు, మంత్రం ఉన్నాయి. గుడి మీద భక్తి ఉంచుకోండి. కానీ కరిచిన వెంటనే పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు సర్కారు దవాఖానకు పోయి టీకా వేయించుకోండి. చెప్పిన రోజుల్లో అన్ని డోసులూ పూర్తి చేయండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించే మందు లేదు.

వేట గురించి ఒక మాట

చరిత్ర చదివి ఉత్సాహం వస్తే కుక్కను తీసుకుని గుట్టల్లోకి పోవద్దు. కుందేలును పట్టినా, అడవిపందిని చంపినా నేరమే. చట్టం దృష్టిలో తరమడం కూడా వేటే. జైలు, జరిమానా పడతాయి, ఉద్యోగానికి, చదువుకు అడ్డు వస్తాయి. నేరస్తులన్న మచ్చను మోసి బయటపడిన జనం మనం. సరదా కోసం దాన్ని మళ్లీ తెచ్చుకోవద్దు. మన తాతలు ఆకలికి వేటాడారు. మనకు ఆ అవసరం లేదు. గుడ్డ కట్టిన తాడును లాగి పరుగు పందెం పెట్టినా ఆ కుక్క ఆనందానికి లోటు ఉండదు.

ఇక మనం చేయాల్సింది

పని పెద్దదేం కాదు, మొదలుపెట్టాలంతే. సెలవులకు తాండాకు పోయినప్పుడు అలాంటి కుక్క కనిపిస్తే పక్క నుంచి, ఎదురు నుంచి రెండు ఫొటోలు తీయండి. భుజం ఎత్తు కొలవండి. రంగు, కుచ్చు, వయసు, తల్లి ఎవరి ఇంటిదో నోట్‌బుక్కులో రాయండి. దాదాను, దాదీని కూర్చోబెట్టి వాళ్ల చిన్నప్పటి కుక్క ఎలా ఉండేదో, దాన్ని ఏ పేరుతో పిలిచేవారో గోర్ బోలిలోనే చెప్పించి ఫోనులో రికార్డు చేయండి. పక్క తాండాలో మంచి జోడు ఉంటే, ఎదకు వచ్చినప్పుడు కలపండి. ఒకే ఈతలో పుట్టినవాటిని కలపొద్దు, జాతి బలహీనపడుతుంది. బంజారా హౌండ్ పిల్ల అని ఎవరైనా అమ్మితే తల్లిదండ్రులను చూడకుండా కొనొద్దు. పోయి చూడండి, అడగండి.

ఒక జాతిని నమోదు చేయించాలంటే అది ఎక్కడ ఉంది, ఎన్ని ఉన్నాయి, తరతరాలుగా లక్షణాలు నిలుస్తున్నాయా అన్నది కాగితం మీద చూపాలి. ఆ కాగితం మన తాండాల నుంచే రావాలి. అది దొరక్కపోతే, మిగిలిన కొన్ని కుక్కలూ పోతాయి, పేరొక్కటే పుస్తకాల్లో ఉంటుంది.

కథలోని బంజారాకు చీటీ ఆలస్యంగా కనిపించింది. మన తాండా గడపలో పడుకున్న కుక్క మెడలో ఏ చీటీ ఉందో మనం ముందే చూద్దాం.